పిల్లి ఖాళీ చేసినట్టు రుజువేది?

మనిషి ఇల్లు ఖాళీ చేస్తే తాళంచెవి అప్పగించి వెళ్తాడు. వెళ్తూ వెళ్తూ గోడలకు మేకులూ, అటక మీద విరిగిన కుర్చీ, పొరుగువారి మీద నాలుగు మాటలూ వదిలిపెడతాడు గాని, మొత్తానికి వెళ్తాడు. పిల్లి ఇల్లు ఖాళీ చేసినట్టు మాత్రం మానవజాతి చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు. ఈ పరమ సత్యాన్ని మొట్టమొదట గుర్తించి నిబంధనావళికి ఎక్కించిన ఘనత, మోంతెవిదేయో నగరంలో సెర్రో గుట్ట దిగువన ఉన్న పాంపేరో సహకార గృహ సంఘానిది.

పాంపేరో ఇళ్ళు ఏ కాంట్రాక్టరో కట్టినవి కావు. సభ్యులే శనాదివారాలు ఇసుక జల్లించి, సిమెంటు కలిపి, ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్నవి. అందుచేత ప్రతి ఇటుక మీదా ప్రతి సభ్యుడికీ ఒక అభిప్రాయం ఉంది. (కొన్ని ఇటుకల మీద రెండేసి ఉన్నాయి.) ఇన్ని అభిప్రాయాలను ఒక దారిలో పెట్టడానికి సంఘంలో ఉపసంఘాలు వెలిశాయి. గేటు గడియకు ఒకటి, బట్టలారేసే తీగలకు ఒకటి, మాంసం కాల్చే పొయ్యి ఏ ఆదివారం ఎవరిదో తేల్చడానికి ఒకటి. వీటన్నిటిలోకీ గౌరవప్రదమైనది పూర్వనివాస జంతువాసనల ఉపసంఘం. వాడుకలో వాసనల ఉపసంఘం. ఒక కుటుంబం విడిచిన ఇంట్లోకి మరో కుటుంబం దిగాలంటే, పాత కుటుంబం తాలూకు జంతువులు "దేహముతోను, గంధముతోను" సంపూర్ణంగా నిష్క్రమించాయని ఈ ఉపసంఘం ధ్రువీకరించాలి.

దీనికి అధ్యక్షుడు దార్దో పింతోస్. అరవై దాటిన పొడుగాటి మనిషి, పొందికైన మాట. వయసులో ఉన్నన్నాళ్ళూ తోళ్ళ కర్మాగారంలో పనిచేసినందువల్ల ఆయనకు వాసన అన్నది తెలియకుండా పోయి చాలా కాలమైంది. ఆ కారణంగానే ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ముక్కు పనిచేసేవాడు ఏదో ఒక వాసన వైపు మొగ్గుతాడు. దార్దోకు ఆ బలహీనత లేదు. ఆయన కింద ముక్కులున్న సభ్యులు ఇద్దరు. ఒకరు ఎల్బియో. ఎక్కడికి తీసుకెళ్ళినా పిల్లి వాసనే వస్తోందంటాడు. రెండోది చేలా. ఎక్కడికి తీసుకెళ్ళినా చుట్టుపక్కల ఎవరింట్లో ఏం వేగుతోందో చెబుతుంది, అంతకుమించి చెప్పదు. ఇద్దరికీ ఏనాడూ కుదరదు గనక నిర్ణాయక ఓటు ఎప్పుడూ అధ్యక్షుడిదే.

ఇటువంటి సంఘంలో పదిహేడో నంబరు ఇల్లు ఇరసేమా తెచేరాకు వచ్చింది.

ఇరసేమా కార్నివాల్ బృందాలకు వేషాలు కుడుతుంది. భర్త హెబెర్ సిటీ బస్సు నడుపుతాడు. వాళ్ళిద్దరూ, కూతురు మైతే, హెబెర్ అన్నగారి ఇంటి వెనక ఒక్క గదిలో కాపురం. ఆ గదిలో కుట్టుబల్లే భోజనాల బల్ల. సూపులో తళుకులు తేలడం మామూలే. మైతే పరుపు కుట్టుబల్ల కింద. పిల్ల పొడుగవుతోంది, బల్ల పొడుగవడం లేదు. మైతే పుట్టకముందు చేరిన వరసలో తమ వంతు వచ్చిందని తెలిసిన రోజున, హెబెర్ సంతోషంలో రెండు స్టాపుల్లో బస్సు ఆపడం మరిచిపోయాడు. (ప్రయాణికులు కూడా విషయం విని క్షమించారు. వాళ్ళలో సగంమంది అలాంటి వరసల్లోనే ఉన్నారు.)

ఆ ఇంట్లో అంతకుముందు ఒలింపియా అనే పెద్దావిడ ఉండేది. సముద్రం ఒడ్డున చెల్లెలింటికి వెళ్ళిపోతూ తన పిల్లుల్ని కూడా లారీ ఎక్కించింది. పిల్లులు ఎన్నంటే, ఆవిడ లెక్కకు ఐదు, పొరుగువాళ్ళ లెక్కకు పన్నెండు. తలుపు తెరిచిన క్షణంలో ఇరసేమా ముక్కుకు తగిలిన లెక్క ఇంకా పెద్దది.

మైతే అవేమీ పట్టించుకోలేదు. లోపలికి పరిగెత్తి, వెనకవైపు చిన్న గది గుమ్మంలో ఆగింది.

"అమ్మా, ఇది నాదేనా? మొత్తం నాదేనా? ఈ మూల కూడానా?"

"నాలుగు మూలలూ నీవే తల్లీ."

నాలుగో మూల దాకా వెళ్ళకముందే పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. తుమ్ములు మొదలయ్యాయి. ఆ తర్వాత ఇరసేమాకు బాగా తెలిసిన చప్పుడు, ఛాతీలోంచి సన్నగా ఈల. హెబెర్ పిల్లను ఎత్తుకుని బయటికి తెచ్చాడు. మెట్టు మీద కూచోబెట్టి, ఉబ్బసం మందున్న నీలం పంపు నోట్లో పెట్టి నొక్కారు. ఊపిరి కాస్త సర్దుకున్నాక మైతే తల్లిని ఓదార్చింది: "పర్లేదులేమ్మా. బయటి నించి చూసినా నా గది నా గదే."

ఆ మాటకు ఇరసేమాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే చీపురు పట్టుకుని లోపలికి నడవబోయింది. సరిగ్గా అప్పుడే దార్దో పింతోస్ గుమ్మానికి అడ్డం వచ్చాడు. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతె ఆకు తేనీటి బుర్ర, రెండో చేతిలో నిబంధనావళి.

"ఆగండి కామ్రేడ్ ఇరసేమా. లోపల ఏదీ ముట్టుకోకూడదు."

"ఊడుద్దామని దోన్ దార్దో" అంది ఇరసేమా మర్యాదగా.

"అదే ముట్టుకోవడం. వాసన అంటే సాక్ష్యం. విచారణ పూర్తయ్యేదాకా సాక్ష్యాన్ని ఊడవకూడదు."

"అంటే వాసన పోయేదాకా మేం దిగకూడదా?"

"దిగకూడదు."

"దిగేదాకా కడగకూడదా?"

"కడగకూడదు. ఇంకా మీది కాని ఇంటిని మీరు కడిగితే అది ఆక్రమణ కిందికి వస్తుంది."

"మరి వాసన ఎలా పోతుంది?"

దార్దో మాతె గొట్టంలోంచి ఒక గుక్క నిదానంగా పీల్చాడు. "ఉపసంఘం కూడా సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఉంది కామ్రేడ్" అన్నాడు, ఎంతో సానుభూతితో. జూన్ సర్వసభ్య సమావేశం నాటికి ధ్రువీకరణ రాకపోతే ఇల్లు వరసలో తర్వాతి కుటుంబానికి పోతుందని కూడా, అంతే సానుభూతితో చెప్పాడు.

ఇంటికి వెళ్ళే దారిలో హెబెర్, "బస్సులో ఇంజను చెడితే ముందు బాగుచేస్తాం, తర్వాత కారణం రాస్తాం. వీళ్ళకి బస్సు ఇస్తే ఊరంతా నడిచే వెళ్ళాలి" అన్నాడు.

దారి చూపించింది పద్దెనిమిదో నంబరులో ఉండే చేలా. ఉపసంఘంలో ఉన్న ముక్కే అయినా, ఆమె మనసు ఎప్పుడూ కొత్తగా వచ్చేవాళ్ళ వైపే.

"ఏమ్మా, ఇంత చదివినదానివి ఆ పుస్తకం చదవలేదా? నువ్వు కడిగితే ఆక్రమణ. అందరం కలిసి కడిగితే పరస్పర శ్రమదానం. శ్రమదానాన్ని ఆపే మొనగాడు ఈ సంఘంలో ఇంకా పుట్టలేదు. నేను ప్రతిపాదిస్తా, నువ్వు కేకు తీసుకురా."

ఆ శనివారం పాంపేరో అంతా పదిహేడో నంబరు మీదికి తరలివచ్చింది. ఇంటికొక అమ్మమ్మ ఉంటుంది, అమ్మమ్మకొక చిట్కా ఉంటుంది. ఒకరు తివాచీ మీద వెనిగర్ గుమ్మరించారు. మరొకరు దాని మీదే సోడా ఉప్పు చల్లారు. తివాచీ నురగలు కక్కింది. అది వాసన చచ్చిపోతున్న గుర్తని పాపం అందరూ చప్పట్లు కొట్టారు. కాఫీ పొడి మూలల్లో పోశారు, యూకలిప్టస్ ఆకులు మరగబెట్టారు, తలుపు సందుల్లో సగం కోసిన ఉల్లిపాయలు పెట్టారు. మధ్యాహ్నానికి అందరికీ ఆకలేసి పెరట్లో మాంసం కాల్చారు. పొగ లోపలికి వెళ్తే ఇంకా మంచిదని ఎవరో అనగానే కిటికీలన్నీ తెరిచారు.

సాయంత్రం ఉపసంఘం పరిశీలనకు వచ్చింది. చేలా గాలి పీల్చి, "పక్కటెముకలు. బాగా కాలాయి" అంది. ఎల్బియో కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు.

"పిల్లి" అన్నాడు. "ఇంతకుముందు ఒట్టి పిల్లి. ఇప్పుడు సలాడ్‌లో వేసిన పిల్లి."

(వాసన మిశ్రమ స్వభావం సంతరించుకున్నందున అది తమ పరిధిలోకి వస్తుందా, లేక మాంసం కాల్చే పొయ్యి ఉపసంఘం పరిధిలోకి వస్తుందా అన్న చర్చకు ఒక ప్రత్యేక సమావేశం పట్టింది.)

ఈలోగా ఇరసేమా మైతేను పేటలోని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చిన్న వయసుది, నిద్ర చాలని మొహం. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, తల్లి చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"మీరు వాసనతో యుద్ధం చేస్తున్నారమ్మా. పాపకి పడనిది వాసన కాదు. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది కదా, ఆ ఉమ్మి ఎండి, చర్మం పొట్టుతో కలిసి దుమ్మయిపోతుంది. అది గోడలకి, పరదాలకి, తివాచీకి పట్టుకుంటుంది. పిల్లి పోయినా నెలల తరబడి ఉంటుంది. దానికి వాసన ఉండదు."

"వాసనే ఉండదా?"

"అస్సలు ఉండదు. తివాచీ, పరదాలు బయట పారెయ్యండి. గోడలు పైనించి కిందికి తడిగుడ్డతో తుడవండి, దుమ్ము లేపొద్దు. కంపు సంగతంటారా, అది నేల చెక్కలోకి దిగుంటుంది. జంతువుల మందుల షాపులో దానికొక ద్రవం అమ్ముతారు, పోసి వెంటనే తుడవకుండా నాననివ్వండి. తర్వాత చెక్క చిత్రిక పట్టించి పూత వేయించండి. వెనిగర్ సలాడ్‌లోకి వాడుకోండి."

ఇరసేమా ఈ సంగతి ప్రత్యేక సమావేశంలో లేచి చెప్పింది. సమావేశం గంభీరమైంది. ఇన్నాళ్ళూ వాసనల ఉపసంఘం పరిశీలించినది అసలు దోషిని కాదనీ, అసలు దోషికి వాసనే లేదనీ తేలడం చిన్న విషయం కాదు. అరగంట చర్చించి, "వాసన లేని వస్తువుల ఉపసంఘం" ఒకటి ఏర్పాటు చేశారు. అయితే వాసన లేనిదాన్ని కనిపెట్టడం ఎలా? ఎల్బియో చెయ్యెత్తాడు.

"మన దగ్గర పరికరం ఉంది కదా. పాప. ఇంట్లోకి పంపుదాం. తుమ్మితే ఉన్నట్టు, తుమ్మకపోతే లేనట్టు. ఖర్చు లేదు."

బల్లల వెనక నుంచి ఒకరిద్దరు తలలు కూడా ఊపారు. (తర్వాత ఆ తలలు తమవి కావన్నారు.)

ఇరసేమా కుర్చీ వెనక్కి పడిపోయింది. "నా కూతురు మీ థర్మామీటరు కాదు!" అంది. "ఊపిరాడక పిల్ల నా చెయ్యి పట్టుకుంటే ఎట్లా ఉంటుందో మీలో ఎవరికైనా తెలుసా? దాని ఛాతీలో ఈల నేను గోడవతల నించి కూడా గుర్తుపడతా. ఇల్లు వద్దు, ఏం వద్దు, ఆ కుట్టుబల్ల కిందే పెంచుకుంటా. కానీ ఇంకొక్కసారి పరికరం అన్నారంటే, వచ్చే కార్నివాల్‌కి మీలో ఏ ఒక్కడికీ చొక్కా గుండీ కూడా కుట్టను."

హెబెర్ లేచి, పడిపోయిన కుర్చీ నిలబెట్టి, భార్య పక్కన నిలుచున్నాడు. బస్సు తలుపు మూసేముందు అద్దంలోంచి చూసినట్టు అందరినీ ఒకసారి చూశాడు. ఎల్బియో తన బూట్లను పరిశీలించడం మొదలుపెట్టాడు.

అప్పుడు దార్దో గొంతు సవరించుకున్నాడు. పుస్తకం తిరగేసి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కామ్రేడ్స్, ఈ పుస్తకంలో శుభ్రం చెయ్యకూడదని ఉంది. నిజమే. కానీ లోతైన విచారణ చెయ్యకూడదని ఎక్కడా లేదు. తివాచీ కింద ఏముందో తెలియాలంటే తివాచీ తియ్యాలి. గోడమీద ఏముందో తెలియాలంటే తుడిచి చూడాలి. ఈ విచారణాధికారిగా కామ్రేడ్ ఇరసేమాను నియమించాలని ప్రతిపాదిస్తున్నాను."

అందరికంటే ముందు ఎల్బియో చెయ్యి లేచింది.

విచారణ మర్నాడే మొదలైంది. ఇరసేమా తన పనిశాల నుంచి వంగపండు రంగు దీపం తెచ్చింది. కార్నివాల్ రంగస్థలం మీద ఆ వెలుగులో తెల్లబట్టలు మెరుస్తాయి. తివాచీ చుట్టేసి బయట పడేసి, కిటికీలకు నల్ల గుడ్డలు కట్టి, ఆ దీపం వెలిగించగానే నేలంతా పసుపుపచ్చగా మరకలు మరకలుగా మెరిసింది.

"ఓరి దేవుడా" అన్నాడు హెబెర్. "ఆకాశం కింద పడినట్టుంది."

"అంతా ఉచ్చే" అంది ఇరసేమా. "సుద్దముక్క ఇటివ్వు."

ప్రతి మరక చుట్టూ సుద్దతో గీత గీశారు. ద్రవం పోసి, ప్లాస్టిక్ పట్టా కప్పి, నాననిచ్చారు. గోడ కాగితం పొరలు పొరలుగా ఊడబెరికారు. గోడల అడుగున ఉన్న చెక్క పట్టీలు విప్పితే వెనక పిల్లి బొచ్చు పరుపు కుట్టుకోవడానికి సరిపడా దొరికింది. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందిదాకా తడిగుడ్డతో తుడిచారు. గుడ్డ పిండితే నీళ్ళు బెల్లం పాకంలా కారాయి. హెబెర్ డ్యూటీ దిగి వచ్చి నేల చిత్రిక పట్టేవాడు. చేలా గుమ్మంలో నుంచుని పర్యవేక్షించేది: "అక్కడ వదిలేశావు నాయనా. బస్సుకి తోవ వదిలినట్టు వదిలావు." చివరికి నేలకు, గోడలకు పూతలు పడ్డాయి. ఇరసేమా చేతులు నెర్రెలిచ్చాయి. ఇంట్లో మాత్రం రంగు వాసన తప్ప మరేమీ లేదు; నాలుగు రోజుల్లో అదీ పోయింది. మైతేను తీసుకురాలేదు. తొందరేముంది అనుకున్నారు.

ఆ తర్వాత తేమను మోసుకొచ్చే ఉత్తరపు గాలి వచ్చింది. గోడలు చెమర్చే రోజులు, ఉప్పు ముద్ద కట్టే రోజులు. ఇరసేమా తలుపు తెరిచింది. పిల్లి వాసన.

అది కూడా ఎక్కడో కాదు. వెనకగదిలో, మైతేది అన్న నాలుగో మూలలో. ఆమె అక్కడే నేలమీద కూలబడింది. పాత వాసన చెమ్మకు పైకి లేచిందేమో, చెక్క మొత్తం పెకలించాలేమో అనుకుంది. జూన్ సమావేశం ముంచుకొస్తోంది. కాసేపు ఏడ్చింది. ఏడ్చాక, పనిమంతురాలు గనక, దీపం వెలిగించి చూసింది. మరక పూత కింద లేదు, పూత మీద ఉంది. వేలు పెట్టి చూస్తే తడి.

పాత పిల్లి ఏదైనా చేయగలదేమో గాని, ఊరు వదిలి వెళ్ళాక తడి చేయలేదు.

మర్నాడు భోజనాలయ్యాక, ఊరంతా కునుకు తీసే వేళకు, ఇరసేమా కుట్టుపని తీసుకుని ఆ గది తలుపు వెనక కూచుంది. ఒక విదూషకుడి కాలరు సగం అయ్యేసరికి వంటింట్లో టపీమని చప్పుడైంది. పొయ్యి మీద గోడకు ఉన్న గాలికంత జాలీ విరిగి ఉంది. అందులోంచి నారింజ రంగు గండుపిల్లి ఒకటి దిగింది. ఒక చెవి సగమే ఉంది. అద్దె వసూలుకొచ్చిన ఇంటి యజమానిలా గదులన్నీ తిరిగి చూసింది. కొత్త నేల నచ్చనట్టు ఒక పాదం విదిలించింది. వెనకగది మూలకు వెళ్ళి, తోక ఎత్తి, తన సంతకం పెట్టింది.

"ఏయ్!"

పిల్లి వచ్చిన దారినే ఎగిరిపోయింది. ఇరసేమా సూది, దారం, కాలరుతో సహా పెరటి దారిన దాని వెంట పరిగెత్తింది. తీగల మీద ఆరేసిన దుప్పట్లు తప్పించుకుంటూ, రెండు గోడలు చుట్టుతిరిగి, ఒక తెరిచిన వంటింటి తలుపు దాకా వెళ్ళింది. తొంగిచూసింది.

వాసనల ఉపసంఘం అధ్యక్షుడు దార్దో పింతోస్ బల్లముందు కూచుని ఉన్నాడు. ఒళ్ళో నారింజ పిల్లి. చేతిలో ఉడికించిన చేప ముక్క. కళ్ళనిండా నీళ్ళు, ముక్కు ఎర్రగా ఉంది. ఒక తుమ్ము తుమ్మి, పిల్లికి క్షమాపణ చెబుతున్నాడు.

కంచే చేను మేసిందంటే ఇరసేమా అప్పటిదాకా సామెత అనుకుంది.

"దోన్ దార్దో!"

ఆయన లేవబోయి, పిల్లి ఒళ్ళో ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు. "లోపలికి రండి కామ్రేడ్" అన్నాడు నీరసంగా. "దాచడానికి ఇంకేం లేదు."

"ఇది ఒలింపియాగారిది కదూ?"

"లారీ ఎక్కనని మొండికేశాడు. గంటసేపు బతిమాలింది పాపం. 'నీకెటూ వాసన తెలియదు దార్దో, నువ్వుంచుకో' అంది. ఒక్క వారం అనుకున్నా." పిల్లి తల నిమిరాడు. "మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నాకంటే ముందు నిద్రలేచిన ప్రాణి వీడొక్కడే."

"మీకూ పడట్లేదు కదండీ. ఆ కళ్ళేంటి?"

"పడదు. సమావేశాల్లో తుమ్ముతుంటే, నివేదిక చదువుతూ చలించిపోతున్నాననుకుంటారు." మళ్ళీ తుమ్మాడు. "రోజూ మధ్యాహ్నం ఎక్కడికో వెళ్ళొస్తాడు. మీ ఇంటికని నిజంగా తెలియదు కామ్రేడ్. తెలిసుంటే... వాసన నాకు తెలిసే అవకాశం లేదు కదా."

ఇరసేమాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది. రెండింటిలో ఏది ముందు బయటికి వస్తుందో తనకే తెలియలేదు. నవ్వే గెలిచింది.

"పేరేంటి వీడికి?"

"కోశాధికారి. తీసుకున్నది ఏదీ తిరిగివ్వడు."

"సరే. ఇప్పుడు ఒక నిచ్చెన తీసుకుని రండి. ఆ గాలికంతకి కొత్త జాలీ మీరే బిగించాలి. మీ వరండాలో ఒక తొట్టెలో ఇసుక పెట్టండి, వాడి పని వాడు ఇక్కడే చూసుకుంటాడు. మరి మీ మంచం మీద పడుకోనివ్వకండి, కళ్ళు పోతాయి."

"అది మాత్రం వాడు ఒప్పుకోడు" అన్నాడు దార్దో.

జాలీ ఆ సాయంత్రమే బిగించారు. మూలను మళ్ళీ నానబెట్టి, మళ్ళీ పూత వేశారు. తర్వాత ఎన్ని చెమ్మ రోజులు వచ్చినా ఇంట్లో వాసన లేదు. ఇరసేమా ఈ సంగతి హెబెర్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కానీ జూన్ సమావేశంలో ఎల్బియో లేచాడు. తన ముక్కు ఫలానా చెమ్మ రోజున పదిహేడో నంబరు కిటికీ పక్కగా వెళ్తూ పిల్లి వాసన పసిగట్టిందనీ, వాసన తిరగబెట్టిందనీ, తిరగబెట్టే స్వభావం గల ఇంటికి ధ్రువీకరణ ఇవ్వడం ప్రమాదకరమనీ, వరసలో తర్వాతి కుటుంబాన్ని పిలవాలనీ అన్నాడు. ఇరసేమా హెబెర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు తెరిస్తే తమ ఇల్లు నిలుస్తుంది, ముసలాయన ఇల్లు పోతుంది. నిబంధన పుట్టకముందే వచ్చిన ఒలింపియా పిల్లులకు తప్ప, పాంపేరోలో జంతువుల పెంపకం నిషేధం. మొదటి పేజీలోనే ఉంది.

ఆమె తేల్చుకోకముందే దార్దో నిలబడ్డాడు. అద్దాలు తీశాడు.

"ఆ వాసన ఆ ఇంటిది కాదు కామ్రేడ్స్. నా పిల్లిది. నా దగ్గర ఒక పిల్లి ఉంది. దానికి శిక్ష ఏదైనా నాకు వెయ్యండి. ఆ అమ్మాయి ఇల్లు ఆ అమ్మాయికివ్వండి."

ఎవరి ఫ్లాస్కు మూతో కిర్రుమంది. అంతలో చేలా లేచింది.

"అయితే నాదీ రాసుకోండి. నా దగ్గర చిలకుంది. ఇన్నాళ్ళూ రేడియో అని చెప్పాను."

మూడో వరసలో ఒకాయన గొంతు సవరించుకుని, తన పెరట్లో ఉన్నది అందరూ అనుకుంటున్నట్టు రాయి కాదనీ, తాబేలనీ ఒప్పుకున్నాడు. కుక్కలు మూడు బయటపడ్డాయి. ఒకదాన్ని ఇంతకాలం స్నానాల గదిలో "మా అత్తగారు" అని చెప్పి మొరిగించారట. పంజరాలు, అక్వేరియాలు, ఒక కోడి. అందరూ చెప్పాక అందరి చూపులూ ఎల్బియో మీద పడ్డాయి.

"కుందేలు" అన్నాడు ఎల్బియో, మొహం ఎర్రగా చేసుకుని. "దానికి వాసన రాదు." కాస్త ఆగి, "రెండు" అన్నాడు. ఇంకాస్త ఆగి, "ఈపాటికి తొమ్మిదయ్యుంటాయి."

హాలంతా నవ్వుల్లో మునిగింది. ఇరసేమా ఏడుస్తూ నవ్వింది. నిషేధాన్ని రద్దు చేయాలంటే నిబంధనావళి సవరణ ఉపసంఘం కావాలి, దానికెవరూ ముందుకు రాలేదు. కాబట్టి సమావేశం ఏకగ్రీవంగా ఇలా తీర్మానించింది: "పాంపేరోలో జంతువులు లేవు. ఉన్నవి కూడా లేవు." ఆ వెంటనే పదిహేడో నంబరు వాసనను ఓటింగుకు పెట్టగా, అది ఘోరంగా ఓడిపోయింది.

శనివారం వాళ్ళు సామాను దింపారు. కుట్టుబల్ల ముందు గదిలో పెట్టారు, దాని కింద ఏమీ పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఇరసేమా వెనకగదిలోకి వెళ్ళి, నిద్రపోతున్న మైతే ఛాతీకి చెవి ఆనించింది. ఊపిరి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. ఈల లేదు. మళ్ళీ విన్నది. లేదు.

మైతే ఒక కన్ను తెరిచింది. "అమ్మా, నా గదిలోకి వచ్చేముందు తలుపు కొట్టాలి."

"తప్పయిపోయింది తల్లీ" అని బయటికి వచ్చి, తలుపు మూసి, ఇరసేమా ఆ తలుపుకే ఆనుకుని చాలాసేపు నవ్వుకుంది.

ఆ తర్వాతి నెలలో వాసనల ఉపసంఘం లాంఛనంగా పలకరించడానికి వచ్చింది. ఇరసేమా మాతె కలిపింది, వేయించిన రొట్టెలు పెట్టింది. ముగ్గురూ ఇబ్బందిగా కూచున్నారు. సంఘంలో అధికారికంగా జంతువులు లేనందున ఉపసంఘానికి పని లేకుండా పోయిందనీ, పని లేని ఉపసంఘాన్ని రద్దు చేయాలని పుస్తకంలో ఉందనీ దార్దో చెప్పాడు. చేలా అలవాటు కొద్దీ గాలి పీల్చి, "ఉల్లిపాయలు" అంది. ఎల్బియో కూడా పీల్చాడు. ఈసారి అతనికి పిల్లి తగల్లేదు. జిగురు, మిషను నూనె, బస్సు డ్రైవరు బూట్లు, పిల్ల తలకు రాసిన కొబ్బరి సబ్బు తగిలాయి. అతని మొహం వెలిగింది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

వారం తిరక్కుండా పదిహేడో నంబరు తలుపు మీద నోటీసు అంటించారు. ఆ ఇంట్లో తెచేరా కుటుంబం వాసన ఏర్పడటం మొదలైందని ఉపసంఘం గుర్తించింది. భవిష్యత్తులో దిగబోయే కుటుంబం ఇబ్బంది పడకూడదన్న సదుద్దేశంతో, ప్రస్తుత నివాసులు ఆ ఇంట్లో వీలైనంత తక్కువగా నివసించవలసిందిగా కోరింది.